పది వేళ్ళూ పడాలి

నేను ఏ నేరమూ చెయ్యలేదని రెండు దేశాల్లో కాగితం రాయించుకున్నాను. చదువుకునే రోజుల్లో కాలేజీ వాళ్ళిచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్లలో ‘ప్రవర్తన: సంతృప్తికరం’ అని ఉండేది. అది అడగ్గానే ఇచ్చేవాళ్ళు. ముప్పై ఐదేళ్ళు దాటాక ఆ మాటే మళ్ళీ రాయించుకోవడానికి ఇన్ని తిప్పలుంటాయని అనుకోలేదు. ఈ దారిలో వెళ్ళబోయే ఆడవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2023 జనవరిలో మా ఆయన ఉద్యోగం పోయింది. ఆ నెలలో అమెరికాలో ఎంతమంది తెలుగువాళ్ళ ఇళ్ళల్లో అదే కబురో మీకు తెలుసు, కాబట్టి ఆ రోజు గురించి పెద్దగా రాయను. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం ఆగిన రోజు నుంచి గరిష్ఠంగా అరవై రోజులు. ఈమెయిల్ వచ్చిన రోజు నుంచి కాదు, జీతం ఇచ్చే చివరి రోజు తర్వాత నుంచి లెక్క. ఆ తేడా తెలియక కంగారు పడేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ అరవై రోజుల్లో ఆయన ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదా వేరే వీసాకి మారాలి, లేదా పెట్టె సర్దాలి. ఆయన ఉద్యోగం మీదే నా హెచ్‌4, నా హెచ్‌4 మీదే నేను చేసుకునే చిన్న పని. ఒక్క మేకు ఊడితే గోడ మీదున్న పటాలన్నీ కింద పడ్డట్టు.

నేను చదివింది ఫిజియోథెరపీ. 2016లో ఒహాయో వచ్చాక, ఇక్కడ లైసెన్సు తెచ్చుకోవాలంటే మళ్ళీ చదవాలి, పరీక్షలు రాయాలి అన్నారు. అప్పటికి పాప కడుపులో ఉంది. తర్వాత పని చేసుకునే అనుమతి వచ్చింది కానీ, ఒక క్లినిక్‌లో సహాయకురాలిగానే చేరాను. బల్లలు తుడవడం, వేడి ప్యాకులు పెట్టడం, ముసలాళ్ళని నడిపించడం. గ్రీన్ కార్డు క్యూ మా జీవితకాలంలో కదిలేలా లేదని తేలాక, బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టులు రిజిస్టర్ చేసుకోవలసిన హెచ్‌సీపీసీకి 2022లో దరఖాస్తు పెట్టి, రిజిస్ట్రేషన్ తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాను. మా ఆయన అప్పుడు నవ్వారు. అడ్డు మాత్రం చెప్పలేదు.

ఉద్యోగం పోయిన వారానికి, ఆ రిజిస్ట్రేషనే మా ఇంట్లో చెల్లే ఏకైక నోటు అయింది.

బ్రిటన్ ఆసుపత్రులకి దరఖాస్తులు పెడుతూండగానే, ముందే అక్కడికి వెళ్ళిన నా కాలేజీ స్నేహితురాలు ఒక మాట చెప్పింది. “ఆఫర్ వచ్చాక చూసుకుందాం అనుకోకు. పోలీసు కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టు. అమెరికా వదిలి వెళ్ళిపోయాక ఆ దేశం కాగితం తెప్పించుకోవడం ఇంకా పెద్ద పని.”

బ్రిటన్‌లో ఆరోగ్యం, చదువు, సామాజిక సంరక్షణ రంగాల్లో ఉద్యోగానికి బయటి నుంచి వీసా పెట్టేవాళ్ళు 2017 నుంచీ నేర చరిత్ర సర్టిఫికెట్ ఇవ్వాలి. గత పదేళ్ళలో, పద్దెనిమిదేళ్ళు నిండాక, ఏ దేశంలో మొత్తం పన్నెండు నెలలు ఉన్నా ఆ దేశానిది కావాలి. ఒకేసారి ఉన్నా, ముక్కలు ముక్కలుగా ఉన్నా లెక్కలోకే వస్తుంది. నాకు రెండు దేశాలు తగిలాయి. గల్ఫ్‌లో నాలుగేళ్ళు, సింగపూర్‌లో రెండేళ్ళు చేసిన నర్సుల గతి ఆలోచించండి, ఒక్కో దేశానికీ ఒక్కో తంతు.

అమెరికాలో ఆ కాగితం ఇచ్చేది ఎఫ్‌బీఐ. పేరు వినగానే మా అమ్మ ఫోనులో “వాళ్ళు సినిమాల్లో వచ్చేవాళ్ళు కాదుటే?” అంది. రుసుము పద్దెనిమిది డాలర్లే. ఆన్‌లైన్‌లో అడగవచ్చు, పది వేళ్ళ ముద్రలు ఇవ్వాలి. త్వరగా తెప్పించిపెట్టే ప్రైవేటు సంస్థలకి ఎఫ్‌బీఐ అనుమతి ఉంది, వాళ్ళని చానెలర్లు అంటారు. నేను సంబరంగా ఆ ఫారం నింపుతూ సగంలో ఆగాను. ఆ సదుపాయం పౌరులకీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ మాత్రమే. ఏడేళ్ళుగా ప్రతి ఫారంలోనూ ఎక్కడో ఒకచోట ఈ వాక్యం తగులుతూనే ఉంది. మేము అలవాటు పడిపోయాం.

సరే, నేరుగా ఎఫ్‌బీఐకే దరఖాస్తు పెట్టి, మెషీన్ మీద ముద్రలు తీసే ఒక చోటికి ఇద్దరమూ వెళ్ళాం. ఎందుకైనా మంచిదని ఆయనవి కూడా ఇచ్చాం. ఆయన వేళ్ళు అద్దం మీద పెట్టగానే పడ్డాయి, గీతలన్నీ అచ్చు గుద్దినట్టు. నావి పడలేదు. తుడిచారు, నొక్కారు, మళ్ళీ తుడిచారు. అక్కడున్న అమ్మాయి నా చేతుల్ని తిప్పి చూసి “మీరు నర్సా?” అని అడిగింది. నర్సులకీ, వంటవాళ్ళకీ, ఇళ్ళు శుభ్రం చేసేవాళ్ళకీ ఇలాగే అవుతుందట. క్లినిక్‌లో రోజుకి ముప్పైసార్లు శానిటైజరు, ఇంట్లో గిన్నెలు, పైన ఒహాయో చలికాలం. ఎలాగో తీసి పంపింది. అయిదు రోజులకి జవాబు వచ్చింది: ముద్రలు స్పష్టంగా లేవు, మళ్ళీ ఇవ్వండి.

అప్పటికి అరవైలో పదిహేను రోజులు అయిపోయాయి.

మా అమ్మమ్మ నిశానీ మనిషి. పొలం కాగితాల మీద ఆవిడ బొటనవేలి ముద్రే ఉంటుంది. పెద్దమనవడు పలక పట్టుకుని కూర్చోబెడితే అరవయ్యో ఏట సంతకం నేర్చుకుని, పోస్టాఫీసులో మొదటిసారి పెన్ను పట్టుకున్న రోజు ఇంటికొచ్చి పాయసం వండింది. ‘వేలిముద్ర’ అన్నది మా ఇంట్లో తిట్టు. ఆవిడ మనవరాలిని, డిగ్రీ చేతిలో పెట్టుకుని, నా వేళ్ళు పడటం లేదని ఏడుస్తూ కూర్చున్నాను.

ఇక్కడో పిట్టకథ. ఈ వేలిముద్రల గొడవ పుట్టింది మన దగ్గరే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో హెర్షెల్ అనే తెల్లదొర, కాంట్రాక్టు కాగితం మీద కోనాయ్ అనే అతని చేత అరచేతి ముద్ర వేయించాడు, తర్వాత మాట తప్పకుండా ఉంటాడని. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రల్ని వరసలుగా విడదీసే పద్ధతిని లెక్క కట్టి తేల్చింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్ళు, పేరు మాత్రం పై అధికారి హెన్రీది. 1901లో అది లండన్ వెళ్ళింది, అక్కడి నుంచి లోకమంతా పాకింది. నేను వెళ్ళబోయే దారి ఆ ముద్రలు వెళ్ళిన దారేనని తర్వాత తెలిసింది. ఆ సమయంలో తెలిసినా సంతోషించేదాన్ని కాదు.

అమ్మకి చెప్పాను. ఆవిడకి ఆశ్చర్యమే కలగలేదు. “రేషన్ షాపులో మన వీధి మామ్మగారికీ ఇంతే. ప్రతి నెలా మిషన్ మీద వేలు పడదు. నాలుగు వేళ్ళూ మార్చి మార్చి పెట్టిస్తారు. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకో, పొద్దున్న గిన్నెలు తోమకు” అంది. ఇంటర్నెట్‌లో నిపుణులు రాసినదీ దాదాపు ఇదే: నాలుగైదు రోజుల ముందు నుంచీ చేతులకి క్రీము రాయండి, నీళ్ళు బాగా తాగండి, ముద్రలు ఇచ్చేముందు చేతులు కడిగి ఆరబెట్టండి. ఆ నాలుగు రోజులూ మా ఆయన గిన్నెలు తోమారు. పెళ్ళయ్యాక వరసగా నాలుగు రోజులు తోమడం అదే మొదలు. ఉద్యోగం పోయిన మనిషికి ఒక పని దొరికినట్టయిందని ఆయనే అన్నారు, నేను అనలేదు.

రెండోసారి మెషీన్ కాదు, సిరా. ఎఫ్‌డీ-258 అనే కార్డు ఉంటుంది, మామూలు తెల్ల కాగితం మీద అచ్చు తీసుకున్నా సరిపోతుంది. పక్క ఊరి పోలీస్ స్టేషన్‌లో ఒక పెద్దాయన తీశాడు. ఒక్కో వేలినీ గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నెమ్మదిగా దొర్లించాలి. “మీరు సాయం చెయ్యకండి, వేలు నాకు వదిలెయ్యండి” అన్నాడు. మనం బిగపడితే ముద్ర అలుక్కుపోతుంది. ఒకటి కాదు, నాలుగు కార్డులు తీయించుకున్నాను. ఒకదాంట్లో పడని వేలు ఇంకోదాంట్లో పడుతుందని. దరఖాస్తు నంబరు కాగితం జతచేసి వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కి పంపాను. ట్రాకింగ్‌లో అది చేరిందని చూపించాక కూడా నెల రోజులు రోజుకి పదిసార్లు ఈమెయిల్ తెరిచాను.

ఈలోగా ఇరవై నాలుగో రోజున ఇంగ్లండ్ నుంచి ఆఫర్ వచ్చింది. ఉద్యోగం నా పేరు మీద, నా చదువు మీద. షరతుల్లో రెండోది: నేర చరిత్ర సర్టిఫికెట్లు. ఇంట్లో సామాను అమ్మకానికి పెట్టాం. టిక్కెట్లు యాభై ఐదో రోజుకి తీసుకున్నాం. నలభై తొమ్మిదో రోజు పొద్దున్న, ఎవరో వచ్చి పాప మంచం కొని తీసుకెళ్తూండగా ఈమెయిల్ వచ్చింది. ఒకటే పేజీ. ఈ వేలిముద్రల మీద తమ దగ్గర అరెస్టు వివరాలేవీ లేవనీ, రాష్ట్ర, స్థానిక స్థాయిలో లేవని దీని అర్థం కాదనీ. అంటే మంచిదాన్నని కాదు, చెడ్డదాన్నని ఇంకా దొరకలేదని. అయినా దాన్ని మూడుచోట్ల దాచుకున్నాను.

ఇక రెండో కాగితం. మన పీసీసీ. ఇది ఏ దేశానికి వెళ్తున్నామో ఆ దేశం పేరు మీదే ఇస్తారు, ఒకదానికి తీసుకున్నది ఇంకోదానికి పనికిరాదు. అయిదువందల రూపాయలు కట్టి ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంటు తీసుకోవడం, పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి అసలు కాగితాలతో వెళ్ళడం, ఆ తర్వాత పోలీసులు ఇంటికి రావడం. కాగితాల దగ్గర నా పరిస్థితి చూడండి. పాస్‌పోర్టులో ఒహాయో అడ్రసు, ఆధార్‌లో పుట్టింటి అడ్రసు, ఓటరు కార్డులో అత్తగారి ఊరు. డిగ్రీ మీద పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టు మీద మెట్టింటి ఇంటిపేరు. ఇదంతా ఒకే మనిషి అని నమ్మించడానికి పెళ్ళి సర్టిఫికెట్ ఒకటి పట్టుకు తిరగాలి. మా ఆయనకి పుట్టినప్పటి నుంచీ ఒకటే పేరు. ఆయన ఫైలు నా ఫైలులో సగం ఉంటుంది. పెళ్ళి కాగానే పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్పించుకునే తొందరలో ఉన్న అమ్మాయిలకి ఈ లావు పాటి ఫైలు ఒక్కసారి చూపించాలనిపిస్తుంది.

పుట్టింటి అడ్రసుతోనే పెట్టాను. గోదావరి జిల్లాలో మా ఊరు చేరేసరికి ఉగాది వారం. ఆ ఏడు మార్చి 22న పండగ. అమ్మ వీధిలో అందరికీ “పండక్కి వచ్చారు” అని చెప్పింది. ఎదురింటి పిన్నిగారు “పిల్లకి బడి లేదా ఇప్పుడు?” అని అడిగితే నవ్వి ఊరుకుంది. అల్లుడి ఉద్యోగం సంగతి సొంత అక్కకి కూడా చెప్పలేదు. నాన్న మాత్రం రోజూ సాయంత్రం అల్లుణ్ణి కాలువ గట్టు మీదికి నడకకి తీసుకెళ్ళేవారు. ఏం మాట్లాడుకునేవారో ఇద్దరూ చెప్పలేదు.

పండగ వెళ్ళిన నాలుగో రోజున కానిస్టేబుల్ వచ్చాడు. ముందు ఫోన్ చేసే వచ్చాడు, మర్యాదగానే ఉన్నాడు. కానీ యూనిఫారం, బైకు, వీధి మధ్యలో మా గేటు. అమ్మ ముఖంలో రంగు లేదు. లోపలికి రమ్మని కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, తలుపు మాత్రం తెరిచి పెట్టాలో మూయాలో తెలియక అక్కడే నిలబడింది. తెరిస్తే వీధి చూస్తుంది, మూస్తే ఇంకేదో అనుకుంటుంది.

అతను నా వివరాలు రాసుకుంటూ “అంటే మీ వారికి అక్కడ ఉద్యోగం వచ్చిందన్నమాట” అన్నాడు.

“కాదండీ, నాకు. ఆయన నా మీద డిపెండెంటుగా వస్తారు.”

పెన్ను ఆగింది. అతను హాల్లో కూర్చున్న మా ఆయన వైపు చూశాడు. మా ఆయన పాప జడ వేస్తున్నారు, అది కూడా వంకరగా. “అవునండీ, ఆవిడ పేరు మీదే” అన్నారు తలెత్తకుండానే. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, “ఫిజియోథెరపిస్టు. లైసెన్సు ఉంది” అన్నారు కానిస్టేబుల్‌తో, అతను అడక్కపోయినా. పదిహేనేళ్ళ కిందట నన్ను ఆ కోర్సులో చేర్చడానికి ‘ఆడపిల్లకి ఇంత ఫీజా’ అన్న బంధువులందరికీ అప్పుడు చెప్పలేకపోయిన జవాబు కాబోలు అది.

సాక్షి సంతకాలకి ఇరుగుపొరుగు ఇద్దరు కావాలన్నాడు. ఎదురింటి పిన్నిగారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, సంతకం పెట్టేముందు కానిస్టేబుల్‌ని పక్కకి పిలిచి, తగ్గించాననుకున్న గొంతుతో “ఏ కేసండీ?” అని అడిగింది. “కేసు లేదనే కాగితం అమ్మా” అన్నాడు. “కేసు లేకపోతే కాగితం ఎందుకు?” అని ఆవిడ. ఆ ప్రశ్నకి అతని దగ్గర జవాబు లేదు. అమ్మ అప్పుడు, మూడు వారాలుగా దాచుకున్నదంతా, వీధి గుమ్మంలో నిలబడి చెప్పేసింది. అల్లుడి ఉద్యోగం పోయిందనీ, అమ్మాయికి ఇంగ్లండులో ఆసుపత్రి ఉద్యోగం వచ్చిందనీ, అక్కడ రోగుల్ని ముట్టుకునేవాళ్ళకి ఈ కాగితం ఉండాలనీ. పిన్నిగారు సంతకం పెట్టి, “మా కోడలు కూడా నర్సింగే చదివింది, ఆ ఫారాలేవో ఒకసారి చెప్పమ్మా” అంది. పది రోజుల్లో పీసీసీ చేతికి వచ్చింది.

పిన్నిగారి ప్రశ్నకి జవాబు తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. 2002 ఆగస్టులో ఇంగ్లండులో సోహమ్ అనే ఊళ్ళో పదేళ్ళ ఆడపిల్లలిద్దరిని చంపేశారు. చంపినవాడు ఆ ఊరి హైస్కూల్లో కేర్‌టేకరు. వేరే ప్రాంతంలో వాడి మీద అంతకుముందే ఫిర్యాదులున్నాయి, అవి ఉద్యోగం ఇచ్చినవాళ్ళ దాకా చేరలేదు. 2004లో విచారణ నివేదిక వచ్చాక, పిల్లలతో, నిస్సహాయులతో పనిచేసేవాళ్ళ గతం చూసే పద్ధతి అంతా మారింది. ఇప్పుడక్కడ ఆ పని చేసే డీబీఎస్ 2012లో ఏర్పడింది. విదేశాల్లోని నేర రికార్డులు ఆ డీబీఎస్‌కి అందవు, అందుకే మన చేత తెప్పిస్తారు. నేను చేరాక డీబీఎస్ కూడా చేశారు. అయిదేళ్ళ అడ్రసులు, ఇప్పటిదాకా వాడిన పేర్లన్నీ రాయమన్నారు. పుట్టింటి ఇంటిపేరు ఆ ఫారంలో చాలా రోజుల తర్వాత రాశాను. స్ట్రోక్ వచ్చిన ఎనభై ఏళ్ళావిడని మంచం మీంచి లేపి నిలబెట్టడానికి ఆవిడ నడుం చుట్టూ చేతులు వేసినప్పుడు, ఆ కుటుంబం నన్నెందుకు నమ్మాలన్న ప్రశ్న నాకు అన్యాయంగా అనిపించదు.

అన్యాయం వేరే చోట ఉంది. నా అనుభవం మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో రాసినప్పుడు, ఒకామె విడిగా మెసేజ్ పెట్టింది. తను కూడా అమెరికాలోనే ఉంటుంది. టీచరు, బ్రిటన్‌లో ఉద్యోగానికి చూస్తోంది. కొన్నేళ్ళ కిందట ఒక రాత్రి భర్త కొడుతుంటే 911కి ఫోన్ చేసింది. పోలీసులు వచ్చేసరికి ఆమె దెబ్బలు ఇంకా కమిలి పైకి తేలలేదు, అతని చేతి మీద ఆమె గోళ్ళ గీతలు కనిపిస్తున్నాయి. అతనికి ఇంగ్లీషు గడగడా వచ్చు, ఆమె ఏడుస్తోంది. ఆమెని తీసుకెళ్ళారు. నెల తిరక్కుండా కేసు కొట్టేశారు. అప్పటి నుంచీ విడిగా ఉంటోంది. ఆమె అడిగింది ఒకటే మాట: “అక్కా, అది కూడా పడుతుందా?”

పడుతుంది. అరెస్టప్పుడు ముద్రలు తీసుకుంటారు కాబట్టి, శిక్ష పడకపోయినా, కేసు కొట్టేసినా, ఎఫ్‌బీఐ కాగితంలో అరెస్టు కనిపించవచ్చు. కేసు చివరికి ఏమైందన్న గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది, కోర్టు నుంచి ఆ సమాచారం వెళ్ళి చేరకపోతే. ఆ ఖాళీని నింపించడానికి దారి ఉంది. కేసు ముగిసిందని చూపే ధృవీకరించిన నకలు కోర్టు క్లర్కు ఆఫీసులో తీసుకుని, ఆ రాష్ట్ర రికార్డుల బ్యూరో ద్వారా గానీ నేరుగా ఎఫ్‌బీఐకి గానీ సవరణ కోరవచ్చు, దానికి ఎఫ్‌బీఐ రుసుము తీసుకోదు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు చూసేలోపు మన రికార్డు మనమే తెప్పించుకుని చూసుకోవడం మంచిది. వీసా ఫారంలో ఏం అడిగారో ఆ మాటలు సరిగ్గా చదువుకుని నిజమే రాయాలి. దాచినందుకు వచ్చే చిక్కు అసలు కేసు కంటే పెద్దది. ఇవన్నీ చెప్పి, నేను లాయర్ని కాదు, ఇమిగ్రేషన్ లాయరుకి ఒకసారి చూపించు అన్నాను.

మా గ్రూపులో ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను, ఇంకెంతమంది ఈ ప్రశ్న అడక్కుండా ఉద్యోగాలే వదులుకుని ఉంటారా అని. కొట్టినవాడికి పీసీసీ శుభ్రంగా వస్తుంది. అతని మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కదా.

ఆమె సెలవు పెట్టి, పాత ఊరి కోర్టుకి మూడు గంటలు కారు నడుపుకుంటూ ఒక్కతే వెళ్ళింది. గుమాస్తా అమ్మాయి కంప్యూటర్లో వెతికి, సీలు గుద్ది రెండు నకళ్ళు ఇచ్చిందట. “అంతసేపు భయపడ్డాను, అయిదు నిమిషాల్లో ఇచ్చేసింది అక్కా” అని పార్కింగ్‌లో కూర్చుని ఫోన్ చేసింది. సవరణకి పెట్టింది. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా చేతులకి ఏ క్రీము రాసుకోవాలో అడిగితే, కొబ్బరినూనె అని చెప్పాను.